గేటు ఖరీదు

మనవాళ్ళు ఇల్లు చూడటానికి వెళితే మొదట చూసేది గుమ్మం ఏ దిక్కుకి ఉందో. తర్వాత వంటిల్లు, పోపు వేస్తే పొగ బయటికి పోయే దారి ఉందా లేదా అని. ఆ తర్వాత స్కూలు రేటింగు, గుడికి ఎంత దూరం, చుట్టుపక్కల తెలుగువాళ్ళెవరైనా ఉన్నారా. ఇవన్నీ అయ్యాక ప్రకటన చివర్లో ఉండే హెచ్‌ఓఏ ఫీజు దగ్గరికి వస్తాం. "ఎంతట?" "నెలకి రెండొందల ఎనభై అయిదు." "అబ్బో!" లేదా "నూట అరవై అయిదే." "అయితే పర్లేదు." అక్కడితో ఆ చర్చ అయిపోతుంది.

ఆ "అబ్బో"కీ "పర్లేదు"కీ వెనక ఏముందో చూడకుండా సంతకం పెట్టకూడదని మేం ఇల్లు వెతికినప్పుడు నేను పట్టుబట్టాను. మా వారు మంచి ఇంజనీరే గానీ, కాగితాలంటే ఆయనకి నిద్ర వస్తుంది. నేను ఒక చిన్న క్లినిక్‌లో బిల్లింగ్ పని చేస్తాను. రోజంతా ఇన్సూరెన్స్ కంపెనీల చిన్న అక్షరాలతోనే నా కాపురం. అందుకని ఈ పని నా వాటాకి వచ్చింది. అప్పుడు తెలుసుకున్నవి, లెక్క వేసుకున్నవి, చివరికి మేం ఏం చేశామన్నది ఇక్కడ రాస్తున్నాను. మీ లెక్క నా లెక్కలాగే తేలాలని లేదు. కానీ వేసుకోవలసిన లెక్కలు చాలావరకు ఇవే.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన. ఇద్దరు ఆడపిల్లలు. మా వారిది హెచ్-1బీ, నాది ఆయన మీద ఆధారపడిన పని పర్మిట్. గ్రీన్‌కార్డు దరఖాస్తు మొదటి మెట్టు దాటింది, వరస మాత్రం ఎక్కడుందో మీకందరికీ తెలుసు. మూడేళ్ళకోసారి పొడిగింపు, మూడేళ్ళకోసారి గుండె దడ. పైగా ఆయన ఉద్యోగం కన్సల్టింగ్. సోమవారం తెల్లవారుజామున విమానం ఎక్కితే శుక్రవారం దిగుతారు. వారంలో నాలుగు రాత్రులు ఇంట్లో నేనూ పిల్లలూ మాత్రమే.

చాలా ఇళ్ళు తిరిగాక మూడు మిగిలాయి. ధరలో మూడింటికీ పెద్ద తేడా లేదు. మొదటిది గేటెడ్ కమ్యూనిటీలో, నెలకి 165 డాలర్ల ఫీజు. రెండోది ఇంకో గేటెడ్ కమ్యూనిటీలో, నెలకి 285. మూడోది గేటు లేని మామూలు కాలనీలో, ఏడాదికి 780, అంటే నెలకి 65. మొదటిదాని గురించి చెప్పినప్పుడు రియల్టర్ గొంతులో ఉత్సాహం వినిపించింది. "ఆరేళ్ళుగా ఒక్క డాలరు కూడా పెంచలేదండీ" అన్నాడు.

ముందు డబ్బు సంగతి చూద్దాం. బ్యాంకువాళ్ళు మనకి ఎంత అప్పు ఇవ్వచ్చో లెక్క వేసేటప్పుడు అసలు, వడ్డీ, ఇంటి పన్ను, ఇన్సూరెన్స్‌తో పాటు ఈ ఫీజుని కూడా మన నెలవారీ బరువులో కలుపుతారు. ఆరున్నర శాతం వడ్డీకి ముప్ఫై ఏళ్ళ అప్పు తీసుకుంటే వెయ్యి డాలర్లకి నెలకి దాదాపు 6 డాలర్ల 32 సెంట్లు కట్టాలి. ఆ లెక్కన నెలకి 285 డాలర్లంటే 45,000 డాలర్ల అప్పుకి కట్టే కిస్తీతో సమానం. అంటే అదే ధరకి దొరికిన రెండిళ్ళలో ఒకటి నిజానికి 45,000 ఎక్కువ ఖరీదైనదన్నమాట.

ఒక తేడా మాత్రం ఉంది. అప్పు ముప్ఫై ఏళ్ళకి తీరుతుంది, ఈ ఫీజు తీరదు. పిల్లల పెళ్ళిళ్ళయి, మనం రిటైరై, ఇల్లు పూర్తిగా మనదయ్యాక కూడా నెల నెలా కడుతూనే ఉండాలి. పెరుగుతుంది కూడా. ఏటా నాలుగు శాతం చొప్పున పెరుగుతుందనుకుంటే 285తో మొదలైనది ముప్ఫై ఏళ్ళలో మొత్తం 1,91,000 డాలర్లు దాటుతుంది. ఇంకో రెండు చిన్న సంగతులు. మనం ఉండే ఇంటికి కట్టే హెచ్‌ఓఏ ఫీజుని ఫెడరల్ పన్నులో తగ్గించుకోవడానికి లేదు. అద్దెకిచ్చిన ఇల్లయితే ఖర్చు కింద చూపించుకోవచ్చు. రెండోది, ఇంటి పన్నూ ఇన్సూరెన్సూ సాధారణంగా మార్ట్‌గేజ్ కంపెనీయే ఎస్క్రో నుంచి కట్టేస్తుంది. హెచ్‌ఓఏ ఫీజు మామూలుగా మనమే గుర్తుపెట్టుకుని విడిగా కట్టాలి.

ఇంత కట్టి ఏం కొంటున్నాం? ఈత కొలను, క్లబ్‌హౌస్, పూలమొక్కలు అని బ్రోషర్ చెబుతుంది. బ్రోషర్ చెప్పనిది గేటు లోపలి రోడ్ల సంగతి. గేటు పెట్టారంటే లోపలి వీధులు మామూలుగా ప్రైవేటు వీధులే. మామూలు కాలనీలో రోడ్డు గుంతపడితే సిటీకి ఫోన్ చేస్తాం. ప్రైవేటు వీధుల్లో రోడ్డు, చాలాచోట్ల వీధి దీపాలు, వాననీటి కాలువలు కూడా అక్కడి ఇళ్ళవాళ్ళ సొంతం, మరమ్మతులూ వాళ్ళవే. అలాగని సిటీ పన్నులో తగ్గింపేమీ ఉండదు. బయట రోడ్లకి పన్ను రూపంలోనూ లోపలి రోడ్లకి ఫీజు రూపంలోనూ రెండుసార్లు కడతాం. గేటు అసలు ఖరీదు ఆ ఇనప కమ్మీలదీ కోడ్ నొక్కే డబ్బాదీ కాదు, దాని వెనకున్న రోడ్లది.

ఇది నాకు బాగా అర్థమయ్యేలా చెప్పింది మా అక్కయ్య. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. నాలుగేళ్ళు వాళ్ళ అసోసియేషన్‌కి కోశాధికారిగా చేసింది. ఆ నాలుగేళ్ళలో మోటారు కాలిపోవడం, వాచ్‌మన్ జీతం, ట్యాంకర్ల బిల్లులు, మెయింటెనెన్స్ ఎగ్గొట్టే మూడో అంతస్తు వాళ్ళతో తగువులు అన్నీ చూసింది. నేను ఫోన్లో మూడిళ్ళ గురించీ చెబితే అంతా విని ఒక్కటే అంది. "మెయింటెనెన్స్ తక్కువని చెప్పేవాళ్ళని నమ్మకే. కార్పస్‌లో ఎంతుంది, లిఫ్ట్ ఎప్పుడు మార్చాలి, ఆ రెండూ అడుగు."

కార్పస్ అంటే మన హైదరాబాద్, విజయవాడ గేటెడ్ కమ్యూనిటీల్లో బిల్డర్ ఇల్లు అప్పగించేటప్పుడు అందరి దగ్గరా ఒకేసారి కట్టించుకునే నిధి. పెద్ద మరమ్మతులకి అది ఆధారం. ఇక్కడ దానికి రిజర్వ్ ఫండ్ అని పేరు, నెలవారీ ఫీజులోంచి కొంత తీసి అందులో వేస్తారు. రోడ్డు, గేటు, కొలను, ప్రహరీగోడ ఒక్కొక్కటీ ఎన్నాళ్ళు వస్తుంది, మార్చడానికి ఎంతవుతుంది, ఇవాళ్టికి చేతిలో ఎంత ఉండాలి అని నిపుణుల చేత వేయించే లెక్కని రిజర్వ్ స్టడీ అంటారు. ఉండాల్సినదానిలో 70 శాతం, ఆపైన ఉంటే ఆ సంఘం ఆరోగ్యంగా ఉన్నట్టు, 30 శాతం కన్నా తక్కువైతే బలహీనంగా ఉన్నట్టు అని ఆ రంగంలో వాళ్ళ వాడుక.

నిధి చాలకపోతే ఏం చేస్తారు? స్పెషల్ అసెస్‌మెంట్ అని ఇంటికింత చొప్పున ఒకేసారి వసూలు వేస్తారు. లేదా సంఘం పేరు మీద అప్పు తెచ్చి ఫీజు పెంచుతారు. రెండూ మన జేబుకే వస్తాయి. కాండోల్లో అయితే ఇది ఇంకా పెద్ద విషయం. 2021 జూన్ 24న ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో చాంప్లైన్ టవర్స్ సౌత్ అనే భవనం కూలి 98 మంది పోయారు. దానికి రెండు నెలల ముందే, ఏప్రిల్‌లో, అక్కడి బోర్డు మరమ్మతుల కోసం 15 మిలియన్ డాలర్ల స్పెషల్ అసెస్‌మెంట్ ఆమోదించింది. ఆ తర్వాత 2022లో ఫ్లోరిడా చట్టం మార్చి, మూడంతస్తులు, ఆపైన ఉన్న కాండోలకి కట్టడం తాలూకు రిజర్వ్ స్టడీ తప్పనిసరి చేసింది. మనది విడి ఇల్లే కావచ్చు, పైకప్పు మన మీద పడకపోవచ్చు. కానీ పనులు వాయిదా వేస్తూ ఫీజు తక్కువగా ఉంచుకోవడమన్న అలవాటు ఎక్కడైనా ఒకటే.

అక్కయ్య అడగమన్న రెండు ప్రశ్నలకీ టెక్సాస్‌లో ఒక మంచి కాగితం ఉంది. దాని పేరు రీసేల్ సర్టిఫికెట్. పాత ఇల్లు కొనేటప్పుడు సంఘం ఇది ఇవ్వాలి. ఫీజు ఎంత, ఆమోదించిన స్పెషల్ అసెస్‌మెంట్లు ఏమైనా ఉన్నాయా, రిజర్వ్‌లో ఎంతుంది, ఈ ఏడాది బడ్జెట్, సంఘం మీద కోర్టు కేసులు, అమ్మేవాళ్ళ బాకీలు, ఆ ఇంటి మీద ఉన్న నియమ ఉల్లంఘనలు, యాజమాన్యం మారినప్పుడు కట్టాల్సిన ఫీజులు అన్నీ అందులో ఉండాలి. దీనికి 375 డాలర్లకి మించి తీసుకోకూడదని 2021లో చట్టం చేశారు. కొనుగోలు ఒప్పందంతో పాటు హెచ్‌ఓఏ అనుబంధ పత్రం ఒకటి ఉంటుంది. ఆ సమాచారం చేతికొచ్చాక మూడు రోజుల్లోపు నచ్చలేదని వెనక్కి తగ్గే వీలు అందులో పెట్టుకోవచ్చు. "అదంతా టైటిల్ కంపెనీ చూసుకుంటుందండీ" అని ఎవరైనా అంటే, చిరునవ్వు నవ్వి, "పంపించండి, మేమూ చూస్తాం" అనండి.

మొదటి ఇంటి కాగితాలు మాకు ఒక శుక్రవారం సాయంత్రం వచ్చాయి. మా వారు ప్రయాణం నుంచి వచ్చి సోఫాలోనే నిద్రపోయారు. నేను పిల్లలకి అన్నాలు పెట్టి, కాలిక్యులేటర్ పట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. ఇళ్ళు మొత్తం 96. 2004లో కట్టినవి. రోడ్లు అప్పటివే. రిజర్వ్ స్టడీ ప్రకారం ఇవాళ్టికి ఉండాల్సిన నిధి 6 లక్షల డాలర్లు. ఉన్నది 1,32,000. అంటే 22 శాతం. లోటు 4,68,000. దాన్ని 96 ఇళ్ళకి పంచితే ఇంటికి 4,875 డాలర్లు. ఆరేళ్ళుగా ఫీజు పెంచకపోవడం రియల్టర్ చెప్పినంత గొప్ప సంగతేమీ కాదు. పెంచకుండా మిగుల్చుకున్న డబ్బు అమ్మి వెళ్ళిపోతున్నవాళ్ళ జేబులో ఉంది, బిల్లు కొనబోయేవాళ్ళ కోసం ఎదురుచూస్తోంది. ముందుంది ముసళ్ళ పండగ అంటే ఇదే. పొద్దున్నే మా వారికి ఆ అంకె చూపించాను. కాఫీ పూర్తి కాకముందే మొదటి ఇల్లు మా జాబితాలోంచి పోయింది.

రెండో ఇంటి కాగితాలు చూస్తే ముచ్చటేసింది. ఉండాల్సిన నిధిలో 80 శాతం ఉంది. ఏటా మూడు, నాలుగు శాతం ఫీజు పెంచుతూ వస్తున్నారు. రోడ్లు మళ్ళీ ఎప్పుడు వేయాలో ఏడాదితో సహా రాసుకున్నారు. కోర్టు కేసుల్లేవు. మీటింగుల మినిట్స్ అడిగితే రెండు రోజుల్లో పంపారు, అందులో తగువులు కూడా మర్యాదగా ఉన్నాయి. ముందు గడ్డి కొయ్యడం ఆ ఫీజులోనే. 285 చూసి "అబ్బో" అనేవాళ్ళకి చెప్పాలనిపించింది, ఇద్దరిలో నిజాయితీగా ధర చెప్పింది ఈ సంఘమేనని.

నా మనసు కూడా అటే లాగింది. దానికి కారణం రిజర్వ్ ఫండ్ ఒక్కటే కాదు. వారంలో నాలుగు రాత్రులు ఒంటరిగా పిల్లలతో ఉండే ఆడదానికి గేటు అన్న మాటలో ఏముందో నేను విడిగా చెప్పక్కర్లేదు. మా ఊళ్ళో రాత్రి తలుపు గడియ వేసి, మళ్ళీ లేచి వెళ్ళి వేశానా లేదా అని చూసేది మా అమ్మ. ఆ అలవాటు నాకూ వచ్చింది. గేటు ఉంటే ఆ రెండోసారి లేవక్కర్లేదేమో అనిపించింది. మా వారు కూడా "నువ్వు నిశ్చింతగా ఉంటావంటే నెలకి రెండొందలు ఎక్కువేం కాదు" అన్నారు. ఆ మాటకి కళ్ళు చెమర్చాయి కూడా.

అయినా ఆ గేటు చూసొద్దామని మూడుసార్లు వెళ్ళాను. ఒకసారి పొద్దున బడి వేళకి, ఒకసారి రాత్రి తొమ్మిదింటికి, ఒకసారి శనివారం మధ్యాహ్నం. పొద్దున గేటు బార్లా తెరిచే ఉంది. రాత్రి నేను కారు ఆపి చూస్తుండగా ఒక కారు వెనకే ఇంకో కారు కోడ్ నొక్కకుండా లోపలికి వెళ్ళింది. శనివారం భోజనం తెచ్చిన కుర్రాడు ఎవరినీ అడగకుండా నాలుగంకెలు నొక్కి వెళ్ళిపోయాడు. అక్కడ కాపలా మనిషి లేడు, ఉంటే ఆ ఫీజుకి సరిపోదు. ఇది ఆ సంఘం తప్పు కాదు. కోడ్‌తో తెరుచుకునే గేటు అలాగే పని చేస్తుంది. ఊరికే తిరిగే వాహనాలు తగ్గుతాయి, పిల్లలు సైకిళ్ళు తొక్కుకోవచ్చు, అది నిజమైన లాభం. రాత్రి నాలుగు గంటలకి నన్ను కాపాడేది మాత్రం తలుపు, దీపం, పక్కింటావిడ ఫోన్ నంబరు. ఇది నాకు నేను ఒప్పుకోవడానికి ఒక వారం పట్టింది.

తర్వాత నియమావళి చదివాను. డిక్లరేషన్ అంటారు, సీసీఅండ్ఆర్స్ అంటారు. 74 పేజీలు. ముందు పెరట్లో కూరగాయల పాదులు వద్దన్నారు. సరే, గోంగూర వెనక వేసుకుంటాం. వీధిలో రాత్రి కార్లు పెట్టకూడదన్నారు. సత్యనారాయణ వ్రతానికి ముప్ఫై కుటుంబాలని పిలిస్తే కార్లెక్కడ పెట్టిస్తాం అనుకున్నాను, అదీ సర్దుకోవచ్చు. గుమ్మానికి మామిడాకుల తోరణం, దేవుడి బొమ్మ పెట్టుకోవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. టెక్సాస్‌లో గుమ్మం దగ్గరి మత చిహ్నాలకి 2011 నుంచి చట్టం రక్షణ ఉంది, 2021లో దాన్ని ఇంకా విస్తరించారు.

51వ పేజీలో ఆగిపోయాను. అద్దెల నియమం. ఇల్లు కొన్న మొదటి రెండేళ్ళు అద్దెకి ఇవ్వకూడదు. ఆ తర్వాత కూడా మొత్తం కమ్యూనిటీలో పది శాతం ఇళ్ళకి మించి అద్దెలో ఉండకూడదు. ఆ కోటా నిండితే వెయిటింగ్ లిస్టు. అడిగితే ఇప్పటికే నిండిందన్నారు, లిస్టులో ఏడుగురు ఉన్నారట.

ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళకి ఇది మంచి నియమమే. అద్దెవాళ్ళు తక్కువుంటే ఇళ్ళ విలువ నిలబడుతుందని చాలామంది అదే కోరుకుంటారు. మా సంగతి వేరు. మా వారి ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండి ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి ఉండే గడువు ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఆయనకి దొరికిన ఉద్యోగం ఇంకో రాష్ట్రంలో కావచ్చు. దొరక్కపోతే ఇండియా వెళ్ళాల్సి రావచ్చు. అప్పుడు ఇంటిని అద్దెకిచ్చి, ఆ అద్దెతో కిస్తీ కట్టుకుంటూ మంచి రోజు చూసి అమ్మడం ఒక దారి. ఆ దారి మూసేస్తే మిగిలేది, వచ్చిన ధరకి హడావిడిగా అమ్ముకోవడం, లేదా ఖాళీ ఇంటికి కిస్తీతో పాటు నెలకి 285 కడుతూ ఉండటం. ఉద్యోగం పోయిందని హెచ్‌ఓఏ ఫీజు ఆగదు.

కట్టకపోతే? అది కూడా తెలుసుకున్నాను. టెక్సాస్‌లో మనం ఉండే ఇంటిని మామూలు అప్పులవాళ్ళు జప్తు చెయ్యలేరు, హోమ్‌స్టెడ్ రక్షణ చాలా గట్టిది. కానీ హెచ్‌ఓఏ బాకీకి ఆ రక్షణ అడ్డు రాదని టెక్సాస్ సుప్రీంకోర్టు 1987లో ఇన్‌వుడ్ నార్త్ కేసులో తీర్పు చెప్పింది. ఇల్లు కొనకముందే నియమావళిలో ఆ హక్కు రాసి ఉంటే, దానికి లోబడే మనం కొన్నట్టు లెక్క. తర్వాత చట్టం కొన్ని హద్దులు పెట్టింది. కేవలం జరిమానాల కోసం ఇల్లు వేలం వెయ్యకూడదు. 14 కన్నా ఎక్కువ ఇళ్ళున్న సంఘాలు బాకీని వాయిదాల్లో కట్టుకునే పద్ధతి పెట్టాలి. వేలం అయ్యాక కూడా ఇల్లు వెనక్కి తీసుకోవడానికి యజమానికి గడువు ఉంటుంది. ఇవన్నీ ఉన్నా, ఫీజు అనేది క్లబ్ సభ్యత్వం లాంటిది కాదని గుర్తుంచుకోవాలి. ఇష్టం లేకపోతే మానేసేది కాదు, ఇంటికి అంటుకుని ఉండే బాధ్యత.

ఆ రాత్రి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. "అంత చెడ్డ రోజు వస్తుందని ముందే అనుకోవడమెందుకు" అన్నారాయన. "రాకూడదనే కోరుకుంటున్నా. వస్తే మాత్రం రెండు తలుపులుండాలి, ఒకటి కాదు" అన్నాను. రెండో ఇల్లు ఎంత మంచిదైనా, ఆ సంఘం ఎంత పద్ధతైనదైనా, మా పరిస్థితిలో ఉన్నవాళ్ళకి దాని ఖరీదు 285 కంటే ఎక్కువ. ఆ ఎక్కువ ఏ బడ్జెట్‌లోనూ రాసి ఉండదు, మన పాస్‌పోర్టులో వీసా పేజీ మీద ఉంటుంది.

మేం మూడో ఇల్లు కొన్నాం. గేటు లేదు. రోడ్డు సిటీది. ఏడాదికి 780 డాలర్లు పార్కుకీ ప్రవేశ ద్వారం దగ్గరి చెట్లకీ ఒక చిన్న కొలనుకీ సరిపోతాయి. అక్కడ కూడా రిజర్వ్ ఎంతో చూశాం, అద్దెల నియమం చదివాం. అద్దెకివ్వచ్చు, సంఘానికి అద్దెవాళ్ళ వివరాలు తెలియజేస్తే చాలు.

కొన్న మొదటి నెలలోనే ఒక పని చేశాను. రెండో ఇంటికీ ఈ ఇంటికీ ఉన్న తేడా నెలకి 220 డాలర్లు. ఆ మొత్తం ప్రతి ఒకటో తారీఖునా దానంతటదే వెళ్ళి పడేలా విడిగా ఒక సేవింగ్స్ ఖాతా తెరిచాను. మా పెద్దమ్మాయి దానికి "మా గేటు" అని పేరు పెట్టింది. రెండేళ్ళలో 5,280 డాలర్లు చేరాయి. పోయిన వసంతంలో ఈదురుగాలికి పక్క ఫెన్సింగ్ పడిపోతే 1,900 అందులోంచే తీశాం. మా వైపు వడగళ్ళకి పైకప్పులు పాడవడం మామూలు, ఇన్సూరెన్స్‌లో వడగళ్ళకి డిడక్టబుల్ ఇంటి బీమా విలువలో ఒకటి, రెండు శాతం ఉంటుంది. ఆ రోజు వస్తే క్రెడిట్ కార్డు వైపు చూడక్కర్లేదు. సంఘం చెయ్యాల్సిన పని మనమే చేసుకున్నట్టు అన్నమాట, సొంత రిజర్వ్ ఫండ్.

పోగొట్టుకున్నవీ ఉన్నాయి. గడ్డి మేమే కోసుకుంటున్నాం, జూలై ఎండలో అదంత సరదా పనేం కాదు. మా వీధిలోంచి అడ్డదారిన వెళ్ళే కార్లు జోరుగా పోతాయి, చిన్నదాన్ని ఒంటరిగా సైకిల్ మీద పంపను. రాత్రి గడియ చూడటానికి ఇప్పటికీ రెండోసారి లేస్తాను. పక్కింటి పంజాబీ ఆంటీ నంబరు ఫోన్‌లో మొదటి వరసలో ఉంది.

గేటెడ్ కమ్యూనిటీలు వద్దని నేననను. నా స్నేహితురాలు ఒకావిడ పోయినేడాది అలాంటిదే కొనుక్కుంది. పౌరసత్వం వచ్చింది, పిల్లలు కాలేజీల్లో ఉన్నారు, వాళ్ళ అత్తగారు మతిమరుపుతో తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోతుంటారు. లోపల వీధుల్లో నెమ్మదిగా నడిచే కార్లు, ఆవిడని గుర్తుపట్టి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చే ఇరుగుపొరుగు, ఆ కుటుంబానికి 310 డాలర్లకి మించిన విలువ. ఆవిడ కూడా నాలాగే రిజర్వ్ స్టడీ అడిగింది. చూసుకుని కొంది. ఇప్పుడు బోర్డుకి పోటీ చేసి గెలిచింది కూడా, తన డబ్బు ఎటు పోతోందో తనే చూసుకుంటోంది.

కొత్తగా కడుతున్న కమ్యూనిటీలో కొనేవాళ్ళకి ఇంకొక్క మాట. అక్కడ మొదట్లో సంఘం బిల్డర్ చేతిలోనే ఉంటుంది. ఇళ్ళు అమ్ముడుపోవాలి కాబట్టి ఫీజు తక్కువగా చూపించే అవకాశం ఉంది. టెక్సాస్ చట్టం ప్రకారం 75 శాతం ఇళ్ళు అమ్ముడైన 120 రోజుల్లోపు బోర్డులో కనీసం మూడో వంతు మందిని యజమానులు ఎన్నుకోవాలి. బిల్డర్ ఏరు దాటి వెళ్ళిపోయాక తెప్ప మన చేతికి వస్తుంది, దానికి చిల్లులున్నాయో లేదో ముందే చూసుకోవాలి. ఇప్పటి ఫీజు ఎంత అని కాకుండా, బిల్డర్ వెళ్ళాక ఎంత అవుతుందని అడగండి.

మన ఇళ్ళలో పాలు, కూరలు, పిల్లల ఫీజులు, ఊరికి పంపే డబ్బు అన్నీ పైసాతో సహా గుర్తుంచుకునేది ఆడవాళ్ళే. ఇల్లు కొనే దగ్గరికి వచ్చేసరికి వంటింటి రంగు మన వంతు, కాగితాలు ఇంకొకరి వంతు అవుతున్నాయి. రిజర్వ్ ఎంత, అద్దెకి ఇవ్వచ్చా, రోడ్డు ఎవరిది అని అడగడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. మా అక్కయ్య చదివింది ఇంటర్మీడియట్ వరకే.